కాలేజీ తరగతిలో ట్యాబ్‌లు, యాప్‌లు: రాష్ట్రేతర తెలుగు విద్యార్థికి ఏది ఉపయోగం, ఏది కాదు

హోసూరు, కోలారు, బళ్లారి, బరంపురం, పర్లాకిమిడి, షోలాపూర్ లాంటి ఊళ్లలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కాలేజీ మెట్లెక్కేసరికి మూడు భాషలు చూసి ఉంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో చదువుతారు. డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరాక పాఠం చాలావరకు ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. యానాంలో వీధి భాష, ఇంటి భాష తెలుగే అయినా కాలేజీ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అక్కడి పిల్లలదీ ఇదే ఇబ్బంది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ రాష్ట్రాలకు చెబుతుంది. అయితే అది ప్రాథమిక దశకే పరిమితం. కాలేజీలో అలాంటి హామీ ఏదీ లేదు. అందుకే తరగతిలోకి ట్యాబ్, యాప్ వచ్చాయంటే మన ఇళ్లకు అదొక ప్రత్యేకమైన ప్రశ్న. అర్థం కాని పాఠాన్ని పిల్లలు తమకు తెలిసిన భాషలో మళ్లీ వినడానికి అది ఉపయోగపడుతుందా, లేక ఖర్చు మాత్రమే మిగులుతుందా?

ఇప్పటివరకు ప్రభుత్వాలు ఏం చేశాయి, తరగతిలో ఏ పరికరం దేనికి పనికొస్తుంది, తెలుగులో ఏం దొరుకుతుంది, కొనేముందు ఏం చూసుకోవాలి అన్న విషయాలను ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

'ఆకాశ్' నుంచి నేటి వరకు

మన దేశంలో కాలేజీ విద్యార్థి చేతికి ట్యాబ్ ఇవ్వాలన్న పెద్ద ప్రయత్నం 'ఆకాశ్'తో మొదలైంది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ దాన్ని విడుదల చేశారు. డేటావిండ్ అనే కంపెనీ సరఫరా చేసిన ఈ 7 అంగుళాల ట్యాబ్‌లో 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేవి. వేలితో గట్టిగా నొక్కితే గానీ తెర స్పందించేది కాదు. దేశమంతా గొప్పగా చెప్పుకొన్న ఆ పరికరం తరగతి అవసరాలకు చాలలేదు. బాధ్యత ఐఐటీ రాజస్థాన్ నుంచి ఐఐటీ బొంబాయికి మారింది. మెరుగుపరచిన 'ఆకాశ్ 2'ను 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేశారు. ఐఐటీ బొంబాయి వాటిని ఇంజనీరింగ్ కాలేజీలకు పంపి, అధ్యాపకులకు శిక్షణ కూడా ఇచ్చింది. అయినా దేశంలోని ప్రతి విద్యార్థికీ చేరాలన్న లక్ష్యం నెరవేరలేదు.

ఆ అనుభవం నుంచి రెండు పాఠాలు మిగిలాయి. అతి తక్కువ ధర పెట్టుకుని తయారు చేసిన పరికరం తరగతిలో నిలవదు. పరికరం బాగున్నా, దానితో ఏం చెప్పాలో అధ్యాపకుడికి తెలియకపోతే అది బీరువాకే పరిమితమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి విద్యార్థులకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. ఆ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అది బడి పథకమే అయినా కాలేజీలకూ ఒక హెచ్చరిక ఉంది. పాఠాలన్నీ ఒకే ప్రైవేటు యాప్‌లో పెట్టుకుంటే ఆ కంపెనీ కష్టాలు మన చదువుకూ చుట్టుకుంటాయి. ఉచితంగా దింపుకొని దాచుకోగలిగిన పాఠాలకు ఆ భయం ఉండదు.

మనం ఉంటున్న రాష్ట్రాల్లో

తమిళనాడులో 2011 సెప్టెంబరులో ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలైంది. కోవిడ్ కాలంలో 2021 జనవరి నుంచి ఏప్రిల్ వరకు సుమారు 9.69 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు రోజుకు 2 జీబీ డేటా ఉచితంగా ఇస్తామని ప్రకటించారు. 2025-26 బడ్జెట్‌లో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు రెండేళ్లలో ల్యాప్‌టాప్ లేదా ట్యాబ్ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది.

కర్ణాటకలో 2021 జూన్‌లో ప్రభుత్వ డిగ్రీ, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల విద్యార్థులకు సుమారు 1.55 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పాఠాలు, ప్రశ్నలు, అసైన్‌మెంట్లు ఒకచోట ఉండే 'కర్ణాటక ఎల్ఎంఎస్' వ్యవస్థను కూడా అదే ఏడాది ప్రవేశపెట్టారు. పరికరం, పాఠం రెండూ కలిపి ఇవ్వడం ఇందులో మెచ్చుకోదగిన విషయం.

ఒడిశాలో 2013లో మొదలైన పథకం కింద ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. అది మార్కుల ఆధారంగా ఇచ్చేది కాబట్టి అందరికీ వర్తించలేదు. మహారాష్ట్రలో 'మహాజ్యోతి' సంస్థ ఓబీసీ, విముక్త జాతులు, సంచార తెగలు, ప్రత్యేక వెనుకబడిన వర్గాల విద్యార్థులకు ప్రవేశ పరీక్షల శిక్షణతో పాటు ట్యాబ్, డేటా ఇస్తోంది. పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపులో చేరినవారు ఎప్పటికప్పుడు ఆ సంస్థ ప్రకటనలు చూసుకోవాలి.

ఇక్కడ మన కుటుంబాలు తరచూ పొరబడే విషయం ఒకటుంది. ఇలాంటి పథకాలకు మనం ఉంటున్న రాష్ట్రం ఇచ్చిన కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలే చెల్లుతాయి. తాతల నాటి ఊరు ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉందని అక్కడి పత్రం తెస్తే పనికిరాదు. ఒకే కులం ఒక రాష్ట్రంలో ఒక జాబితాలో, పక్క రాష్ట్రంలో మరో జాబితాలో ఉండవచ్చు. కాలేజీలో చేరే ముందే ఆ పత్రాలు సిద్ధంగా పెట్టుకోవడం మేలు.

తరగతిలో ట్యాబ్ నిజంగా చేసే పనులు

ట్యాబ్ అంటే వీడియో చూపించే పలక అనుకుంటారు చాలామంది. తరగతిలో దానికి అంతకన్నా మంచి ఉపయోగాలు ఉన్నాయి.

*ప్రశ్న అడిగి వెంటనే జవాబులు చూడటం.* అరవై మంది ఉన్న తరగతిలో 'అర్థమైందా?' అని అడిగితే ముందు బెంచీ తల ఊపుతుంది. వెనక బెంచీలో ఎవరికి అర్థం కాలేదో తెలియదు. కహూత్, గూగుల్ ఫారమ్స్ లాంటి యాప్‌లలో నాలుగు జవాబుల ప్రశ్న ఒకటి పెడితే, ఎంతమంది ఏ జవాబు ఎంచుకున్నారో నిమిషంలో తెలుస్తుంది. విద్యార్థుల దగ్గర ట్యాబ్‌లు, ఫోన్లు లేని తరగతికి 'ప్లికర్స్' ఉంది. ప్రతి విద్యార్థికీ అచ్చేసిన కార్డు ఒకటి ఇస్తారు. జవాబును బట్టి కార్డును తిప్పి పట్టుకుంటారు. లెక్చరర్ తన ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పితే జవాబులన్నీ నమోదవుతాయి. ఒక్క ఫోను, కొన్ని కాగితాలు ఉంటే సరిపోతుంది.

హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే ఈ ప్రశ్నల పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. ముందు ప్రతి ఒక్కరూ సొంతంగా జవాబు ఇవ్వాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు పక్కవారితో వాదించుకోవాలి. ఆపై మళ్లీ జవాబు ఇవ్వాలి. మన పిల్లలకు ఇందులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. లెక్చరర్ ఇంగ్లిష్‌లో చెప్పినా, ఆ రెండు నిమిషాల వాదన ఏ భాషలోనైనా సాగవచ్చు. బళ్లారి కాలేజీలో ఇద్దరు తెలుగు పిల్లలు తెలుగులోనే తేల్చుకోవచ్చు, పక్కన కన్నడ స్నేహితులుంటే కన్నడంలో మాట్లాడుకోవచ్చు. ఇంగ్లిష్ తరగతిలో మాతృభాషకు ఇలా చోటు దొరుకుతుంది. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

*కంటికి కనబడనిదాన్ని చూపించడం.* అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002 నుంచి తయారు చేస్తున్న 'ఫెట్' నమూనాల్లో విద్యుత్ వలయాలు, అణువులు, తరంగాలను వేలితో కదిపి చూడవచ్చు. వెబ్‌సైట్‌లో అవి ఉచితం. చాలావాటిని ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తాయి. స్వచ్ఛంద అనువాదకుల కృషితో కొన్ని నమూనాలు తెలుగులోనూ ఉన్నాయి. గణితానికి 'జియోజీబ్రా' అలాంటిదే. సమీకరణంలో అంకె మారిస్తే గీత ఎలా వంగుతుందో అప్పటికప్పుడు కనిపిస్తుంది. డిగ్రీ మొదటి ఏడాది కాల్‌క్యులస్ బెంబేలెత్తించే పిల్లలకు ఇది మంచి తోడు.

*ప్రయోగశాల లేని కాలేజీకి ప్రయోగశాల.* కేంద్ర విద్యాశాఖ మద్దతుతో నడిచే 'వర్చువల్ ల్యాబ్స్'కు ఐఐటీ ఢిల్లీ సమన్వయకర్త. ఐఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, సూరత్కల్ ఎన్ఐటీ, పుణె ఇంజనీరింగ్ కాలేజీ లాంటి సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. ప్రయోగానికి ముందు సిద్ధాంతం, చేసే విధానం, చివర ప్రశ్నలు అన్నీ ఉంటాయి. అసలు ల్యాబ్‌కు ఇది బదులు కాదు. ల్యాబ్‌కు వెళ్లే ముందు రోజు రాత్రి ఒకసారి చేసి చూసుకుంటే మరునాడు చేయి తడబడదు.

*తరగతి సామాను ఒకచోట పెట్టుకోవడం.* గూగుల్ క్లాస్‌రూమ్, మూడిల్ లాంటివి నోట్సు, అసైన్‌మెంట్లు, మార్కులు ఒకచోట ఉంచుతాయి. మూడిల్‌ను కాలేజీ తన సర్వర్‌లోనే ఉచితంగా పెట్టుకోవచ్చు. దాని యాప్‌లో పాఠాలు దింపుకొని నెట్ లేనప్పుడు చదువుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన నోట్సు వారంలో వందల మెసేజీల కింద పడిపోతుంది. ఆ బాధ ఇక్కడ ఉండదు.

తెలుగులో ఏం దొరుకుతుంది

ఐఐటీ బొంబాయి నడిపే 'స్పోకెన్ ట్యుటోరియల్' మన పిల్లలకు అన్నిటికన్నా దగ్గరిది. సీ, పైథాన్, జావా, లినక్స్, లిబ్రెఆఫీస్ లాంటివాటిని సుమారు పది నిమిషాల చిన్న పాఠాలుగా చెబుతారు. మాటలు తెలుగులో వినిపిస్తాయి, తెర మాత్రం ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది. ఉద్యోగంలో చూడబోయే తెరను తెలిసిన భాషలో నేర్చుకోవాలన్నది అందులోని ఆలోచన. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీలలోనూ పాఠాలున్నాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ పాఠాలు వింటూ పక్కనే చేస్తూ పోవాలి. ట్యాబ్‌లో పాఠం నడుస్తుంటే కాలేజీ ల్యాబ్‌లోని కంప్యూటర్‌లో చేయి తిరగాలి.

తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. తమిళనాడులో 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక, తెలుగు అక్షరాలకు దూరంగా పెరిగిన తరం ఇప్పుడు కాలేజీల్లో ఉంది. అలాంటివారికి తెలుగు పుస్తకం ఇచ్చి లాభం లేదు. వినే పాఠమైతే వెంటనే అందుతుంది. స్పోకెన్ ట్యుటోరియల్ విలువ వారికే ఎక్కువ.

చదవగలిగినవారికి ఏఐసీటీఈ తయారు చేయించిన ఇంజనీరింగ్, డిప్లొమా పుస్తకాలు 'ఈ-కుంభ్' పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీతో సహా 12 భారతీయ భాషల్లో పుస్తకాలు వచ్చాయి. ఎన్‌పీటెల్ పాఠాల రాతప్రతులు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తెలుగును భాషా పేపరుగా తీసుకున్నవారికి బ్రౌన్ నిఘంటువు మొదలు అనేక నిఘంటువులను ఒకేచోట వెతికే వీలున్న ఆంధ్రభారతి, పాత పుస్తకాలు దొరికే తెలుగు వికీసోర్స్ ఎంతో ఉపయోగం.

అనువాద యాప్‌లతో జాగ్రత్త

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లో, ఒడియా 2020లో చేరాయి. పుస్తకం పేజీ మీద కెమెరా పెడితే అనువాదం చూపిస్తుంది. సారాంశం పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. పారిభాషిక పదాల దగ్గర మాత్రం ముంచుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. భౌతికశాస్త్రంలో ఫోర్స్, ఎనర్జీ, పవర్ మూడూ వేరు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటిని బలం, శక్తి, సామర్థ్యం అంటారు. కన్నడంలోనూ ఇవే మాటలు, కాబట్టి కోలారు పిల్లకు ఇబ్బంది లేదు. మరాఠీలో ఎనర్జీ 'ఊర్జా', పవర్ 'శక్తి'. అంటే షోలాపూర్ బడిలో చదివిన అబ్బాయికి 'శక్తి' అంటే పవర్, తెలుగు పుస్తకంలో అదే మాటకు ఎనర్జీ. అతడు తెలుగు అనువాదం చదివి లెక్క చేస్తే సూత్రమే తారుమారవుతుంది. తమిళనాడులో చదివిన పిల్లలకు అవి విసై, ఆట్రల్, తిఱన్. వారికి తెలుగు పారిభాషిక పదాలు సాయం చేయవు, నాలుగో బరువుగా మారతాయి.

కాబట్టి పిల్లలు పాటించాల్సిన పద్ధతి సులువైనదే. పారిభాషిక పదాన్ని ఇంగ్లిష్‌లోనే ఉంచుకోవాలి, ఎందుకంటే పరీక్షలో రాయాల్సింది అదే. దానికి బడి భాషలో తెలిసిన మాటను పక్కన రాసుకోవాలి. వివరణ మాత్రం తెలుగులో వినాలి, తెలుగులో అడగాలి. ఒక నోటుపుస్తకంలో సబ్జెక్టుకు వంద మాటలు ఇలా మూడు గడుల్లో రాసుకుంటే మొదటి సెమిస్టర్ గట్టెక్కినట్టే. తెలుగు మాట ఏదో సరిచూసుకోవాలంటే 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలు, పదకోశాలు నమ్మదగినవి.

పరీక్షల విషయంలోనూ ఒక సూక్ష్మం తెలుసుకోవాలి. కోర్సు ఇంగ్లిష్ మాధ్యమంలో ఉన్నా స్థానిక భాషల్లో పరీక్ష రాయడానికి అనుమతించాలని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. చెన్నైలో స్థానిక భాష అంటే తమిళం, బరంపురంలో ఒడియా. మన పిల్లలకు తెలుగులో రాసే వీలు దానంతట అది రాదు. ట్యాబ్‌లో తెలుగులో ఎంత నేర్చుకున్నా, జవాబు రాసే భాషలో సాధన తప్పదు.

స్వయం, ఎన్‌పీటెల్: చదువుకు క్రెడిట్లు

ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ ప్రారంభించాయి. ఐఐటీ మద్రాస్ దాన్ని సమన్వయం చేస్తోంది. 2017 జులై 9న వచ్చిన 'స్వయం' వేదికలో ఎన్‌పీటెల్‌తో పాటు ఇతర సంస్థల కోర్సులూ ఉంటాయి. పాఠాలు వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే రుసుము కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి.

ఎన్‌పీటెల్ కోర్సులు సాధారణంగా 4, 8 లేదా 12 వారాలు. మార్కుల్లో 25 వారం వారం అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్. చివరి వారం వీడియోలన్నీ ఒకేసారి చూస్తే కుదరదు, ఎందుకంటే గడువు దాటిన అసైన్‌మెంటు మార్కులు పోయినట్టే.

2016 నిబంధనల్లో స్వయం ద్వారా 20 శాతం వరకు క్రెడిట్లు తెచ్చుకోవచ్చన్న యూజీసీ, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచింది. కానీ ఏ కోర్సును ఏ పేపరుకు బదులుగా ఒప్పుకుంటారో మీ విశ్వవిద్యాలయం, కాలేజీ నిర్ణయిస్తాయి. పేరు నమోదు చేసుకునే ముందే విభాగాధిపతి దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. క్రెడిట్లు జమ కావడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా ఉండాలి. డిజిలాకర్ ద్వారా తెరవవచ్చు.

ఇంట్లో నెట్ సరిగా లేనివారికి 'స్వయం ప్రభ' డీటీహెచ్ ఛానళ్లు ఉన్నాయి. టీవీలో వస్తాయి కాబట్టి డేటా ఖర్చు ఉండదు.

పరిశోధనలు చెబుతున్నది

ట్యాబ్ ఉంటే చదువు దానంతట వస్తుందని ఏ పరిశోధనా చెప్పలేదు. 2018లో అచ్చయిన ఒక సమీక్ష, 54 అధ్యయనాల్లో పాల్గొన్న 1.7 లక్షల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసింది. సమాచారం నిండిన పాఠాన్ని, ముఖ్యంగా సమయం తక్కువున్నప్పుడు, తెర మీద కన్నా కాగితం మీద చదివినవారికే బాగా అర్థమైందని తేల్చింది. కాబట్టి ట్యాబ్ వచ్చిందని పాఠ్యపుస్తకం కొనడం మానేయకూడదు.

కెనడాలో 2013లో జరిగిన ప్రయోగంలో, తరగతిలో ల్యాప్‌టాప్ మీద వేరే పనులు చేసుకున్నవారికే కాదు, ఆ తెర కనిపించేలా వెనక కూర్చున్నవారికీ మార్కులు తగ్గాయి. చేత్తో నోట్సు రాయడం మేలని 2014లో వచ్చిన అధ్యయనం బాగా పేరుపొందింది. తర్వాతి పరిశోధనల్లో ఆ తేడా అంత గట్టిగా కనిపించలేదు. విన్నది విన్నట్టు టైపు చేస్తే లాభం తక్కువ, తన మాటల్లో కుదించి రాసుకుంటేనే బుర్రకెక్కుతుంది అన్న సలహా మాత్రం ఎప్పటికీ పనికొచ్చేదే.

మరొక విషయం తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 'సార్ పాఠం చెప్పడం మానేసి యాప్‌లో ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటున్నారు' అని పిల్లలు ఇంటికొచ్చి ఫిర్యాదు చేయవచ్చు. 2019లో హార్వర్డ్‌లో జరిగిన అధ్యయనంలో, చక్కటి ఉపన్యాసం విన్నవారు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. పరీక్ష పెడితే మాత్రం తరగతిలో తామే లెక్కలు చేసి, చర్చించినవారికి ఎక్కువ వచ్చింది. కష్టంగా ఉన్నట్టు అనిపించడం నేర్చుకోవడంలో భాగమే.

కొనేముందు చూసుకోవాల్సినవి

ముందు కోర్సు చూడండి. బీఏ, బీఎస్సీ, నర్సింగ్ లాంటి చదువులకు ట్యాబ్ సరిపోతుంది. బీకాం విద్యార్థి నేర్చుకునే ట్యాలీ విండోస్ కంప్యూటర్ కోసం తయారైనది. ఇంజనీరింగ్‌లో ప్రోగ్రామింగ్, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లకు కూడా ల్యాప్‌టాప్ కావాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే ఈ కోర్సుల వారు ట్యాబ్ కొనకపోవడమే మంచిది. పాతదైనా ల్యాప్‌టాప్ నయం.

ట్యాబే కొనాలనుకుంటే 10 అంగుళాల తెర ఉండాలి, ఎందుకంటే పుస్తకం పేజీ మొత్తం ఒకేసారి కనబడాలి. ర్యామ్ 4 జీబీకి తగ్గకూడదు. 64 జీబీ నిల్వ, మెమొరీ కార్డు పెట్టే చోటు ఉంటే పాఠాలు దాచుకోవచ్చు. లెక్కలు, బొమ్మలు గీసేవారికి ఆ ట్యాబ్‌తో పనిచేసే పెన్ను కావాలి, దాని ధర విడిగా అడగండి. మీ ఊళ్లో రిపేరు చేసే చోటు ఉందో లేదో, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో తెలుసుకోండి. వాడినదాని ధర తక్కువని పాత ఆండ్రాయిడ్ ఉన్నది కొంటే కొత్త యాప్‌లు ఎక్కవు.

డేటా ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 480పీ నాణ్యతలో గంట వీడియోకు ఉరామరిగా అర జీబీ అవుతుంది. నాణ్యత పెంచినకొద్దీ అది రెట్టింపు, ఆపైన అవుతుంది. తెర మీద రాసి చెప్పే పాఠానికి 480పీ చాలు. కాలేజీ వైఫైలో దింపుకొని ఇంట్లో చూసుకుంటే నెలవారీ ప్యాక్ మిగులుతుంది.

పిల్లల వివరాలు ఎవరికి ఇస్తున్నామో గమనించండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారు బాలల కిందికే వస్తారు. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరే చాలామందికి 17 ఏళ్లే. చదువు యాప్ పేరుతో కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఒప్పుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టించే చందాల మీద సంతకం పెట్టే ముందు ఆ పాఠం ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉందేమో వెతకండి.

తెలుగు సంఘాలు చేయగలిగింది

ప్రతి ఇంటికీ ట్యాబ్ కొనివ్వడం ఏ సంఘానికీ సాధ్యం కాదు. అంతకన్నా తక్కువ ఖర్చుతో జరిగే పనులున్నాయి. తెలుగు భవనంలో ఒక కంప్యూటర్, నెట్, పెద్ద మెమొరీ డ్రైవ్ పెట్టి, స్పోకెన్ ట్యుటోరియల్ తెలుగు పాఠాలు, ఈ-కుంభ్ పుస్తకాలు దింపి ఉంచితే పిల్లలు వచ్చి ఎక్కించుకుని వెళతారు. అదే కోర్సు పూర్తి చేసిన అన్నలు, అక్కలు ఆదివారం రెండు గంటలు కూర్చుని సందేహాలు తీర్చవచ్చు. ఇంగ్లిష్ మాట, బడి భాష మాట, తెలుగు మాట ఉన్న పదాల పట్టికను సబ్జెక్టుకు ఒకటి చొప్పున తయారు చేసి పంచుకోవచ్చు. కోలారు వారు చేసిన పట్టిక బళ్లారికి, హోసూరు వారిది కోయంబత్తూరుకు నేరుగా పనికొస్తుంది.

కాలేజీ మొదటి ఏడాదిలో మన పిల్లలు తప్పే సబ్జెక్టుల వెనక చాలాసార్లు ఉన్నది తెలివి లోటు కాదు, భాష లోటు. అదే పాఠాన్ని ఎన్నిసార్లయినా తెలిసిన భాషలో వినే అవకాశం పాత తరానికి లేదు, ఈ తరానికి ఉంది. వచ్చే విద్యా సంవత్సరంలో కాలేజీలో చేరే పిల్లలున్న ఇళ్లు ట్యాబ్ కొనే ముందు రెండు పనులు చేయండి. చేరబోయే కోర్సు పాఠ్యప్రణాళిక తెచ్చుకుని, అందులో ఏయే పాఠాలు తెలుగులోనో బడి భాషలోనో ఉచితంగా ఉన్నాయో ఫోన్‌లోనే చూసుకోండి. పథకాలకు కావాల్సిన ధ్రువపత్రాలు తీసి పెట్టుకోండి. ట్యాబ్ అవసరమా కాదా అన్నది అప్పుడు మీకే స్పష్టమవుతుంది.